పెద్దవాళ్లతో మొదటి కరేబియన్ క్రూజ్: ఓడ సరే, రేవుల సంగతి ముందు తేల్చుకోండి

2024 డిసెంబర్ సెలవుల్లో టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి హార్మనీ ఆఫ్ ద సీస్ ఓడలో ఏడు రాత్రుల వెస్టర్న్ కరేబియన్ క్రూజ్‌కి వెళ్లాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, పెద్దాపురం నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, మావయ్యగారు. మొదట రెండు రోజులు సముద్రం మీదే, ఆ తర్వాత వరసగా హోండురాస్‌లో రోటాన్, మెక్సికోలో కోస్టా మాయా, కొజుమెల్. ఇంకో రోజు సముద్రం మీద గడిపి మళ్లీ గాల్వెస్టన్.

మేం ఉండే డాలస్‌లో మనవాళ్లు చాలామంది ఊరి నుంచి తల్లిదండ్రులు రాగానే నయాగరా, న్యూయార్క్, వేగాస్ తిప్పేస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ తిరుగుడు కంటే క్రూజ్ చాలా నయం. రోజూ పెట్టెలు సర్దే పని లేదు, ఎయిర్‌పోర్టు క్యూలు లేవు, అలిసిపోతే లిఫ్టెక్కి గదికి వెళ్లి పడుకోవచ్చు. ఓడ లోపల జీవితం ఒకటి రెండు రోజుల్లో దానంతటదే గాడిన పడుతుంది. తిండి, షోలు, పిల్లల ఆటలు అన్నీ అక్కడే సిద్ధంగా ఉంటాయి. మనం ముందుగా కూర్చుని ఆలోచించాల్సింది రేవుల గురించే. ఒక్కో రేవులో ఓడ ఆగేది కొన్ని గంటలే. ఆ గంటల్లో అన్నీ చూసేయాలనుకుంటే ఏదీ చూడలేం. రేవుకు ఒక పని పెట్టుకోవాలి, అది కూడా ఇంట్లో ఎవరి ఒంటికి ఏది సరిపడుతుందో చూసి పెట్టుకోవాలి. మేం చేసిందదే, అందుకే ఈ ట్రిప్పు మాకు బాగా కుదిరింది.

ముందు కాగితాల సంగతి. ఓడ అమెరికాలో బయల్దేరి అమెరికాకే వస్తుంది కదా, పాస్‌పోర్ట్ ఎందుకు అని కొందరు అడిగారు. ఈ ఓడ రిజిస్టర్ అయింది బహామాస్‌లో. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికాలో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో వేరే దేశం రేవు ఒక్కటీ తాకకుండా అమెరికా రేవుల్లోనే ఆగుతూ తిరిగి రావడానికి 1886 నాటి చట్టం ఒప్పుకోదు. అంటే ప్రతి క్రూజ్‌లో మనం దేశం దాటి మళ్లీ లోపలికి వస్తున్నట్టే. అమెరికా పౌరులకు బర్త్ సర్టిఫికెట్, పెద్దవాళ్లయితే దాంతోపాటు ఫొటో ఐడీతో నడుస్తుంది. మన భారత పాస్‌పోర్టు వాళ్లకు పాస్‌పోర్టు, దాంతోపాటు గ్రీన్ కార్డో, గడువున్న వీసా స్టాంపో తప్పనిసరి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకు మల్టిపుల్ ఎంట్రీ విజిటర్ వీసా ఉందో లేదో స్టాంప్ మీద చదివి చూసుకోండి. గడువున్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేదు.

హెచ్1 ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో విషయం జాగ్రత్తగా చూడాలి. స్టాంప్ గడువు అయిపోయినా, ఐ94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువుంటే మెక్సికో, కెనడాలకు ముప్ఫై రోజుల లోపు వెళ్లి రావచ్చన్న వెసులుబాటు ఉంది. అది హెచ్1కి ఆ రెండు దేశాలకే. రోటాన్ హోండురాస్‌లో ఉంది కాబట్టి ఆ వెసులుబాటు అక్కడ పనికిరాదు. కొత్త స్టాంప్ లేకపోతే రోటాన్ ఉన్న క్రూజ్ ఎక్కకండి. కొజుమెల్ ఒక్కటే ఉండే చిన్న క్రూజ్‌లు గాల్వెస్టన్ నుంచే దొరుకుతాయి, ముందు మీ లాయర్‌ని అడిగి అవి చూసుకోండి. అలాగే పెద్దవాళ్లకు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా నేల దాటితే పనిచేస్తుందో లేదో పాలసీలో చదవండి. ఓడలో డాక్టర్ ఉంటారు, కానీ ఆ బిల్లు నేరుగా మన గది ఖాతాలో పడుతుంది.

డాలస్ నుంచి గాల్వెస్టన్ దాదాపు ఐదు గంటల డ్రైవ్. ముందు రోజు సాయంత్రమే వెళ్లి అక్కడ హోటల్లో పడుకోవడం మంచిది. ఓడ మన కోసం ఆగదు, ఐ45 హైవే మీద ట్రాఫిక్ ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం. చెకిన్ యాప్‌లో 45 రోజుల ముందు తెరుచుకుంటుంది. పొద్దున్న టైమ్ స్లాట్ కావాలంటే ఆ రోజే చేసేయాలి. వీల్‌చెయిర్ ముందే చెప్పి ఉంచితే టెర్మినల్ గుమ్మం నుంచి ఓడ దాకా వాళ్లే తోసుకెళ్తారు. మావయ్యగారు మొదట మొహమాటపడ్డారు కానీ లోపల ఆ నడక చూశాక ఇంకేమీ అనలేదు.

ఇక తిండి. అత్తయ్యగారు శుద్ధ శాకాహారి, వెల్లుల్లి కూడా తినరు. ఈ ఒక్క విషయంలో నాకు ఉన్న టెన్షన్ అంతా మొదటి రాత్రే తీరిపోయింది. మెయిన్ డైనింగ్ రూమ్‌లో కూర్చోగానే హెడ్ వెయిటర్‌ని పిలిచి ఏం తింటారో, ఏం తినరో చెప్పాను. ఆయన రాసుకుని, ఏ రోజుకారోజు మర్నాటి భోజనం ముందే అడిగి చేయించారు. పప్పు, అన్నం, ఒక కూర, రొట్టె. రుచి ఉత్తరాది వంటలానే ఉంటుంది, మన కారం ఉండదు, కానీ వేడిగా, శుభ్రంగా ఉంటుంది. విండ్‌జామర్ బఫేలో కూడా రోజూ ఏదో ఒక భారతీయ వంటకం, అన్నం, పప్పు కనపడ్డాయి. పొద్దున్న అక్కడే తీపి లేని పెరుగు దొరుకుతుంది. ఇంట్లో వండిన పదార్థాలు ఓడెక్కనివ్వరు, సీల్ తీయని ప్యాకెట్లకు అభ్యంతరం లేదు. కాబట్టి డాలస్ ఇండియన్ స్టోర్‌లో కొన్న ఆవకాయ, కందిపొడి చిన్న ప్యాకెట్లు తీసుకెళ్లాను. రైస్ కుక్కర్, కెటిల్ లాంటివి పెట్టెలో పెట్టకండి, స్కానింగ్‌లో తీసేస్తారు.

గదిలో ఏసీ బాగా చలి పెడుతుంది, డైనింగ్ హాల్లో ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లకు స్వెటరు, మేజోళ్లు, మఫ్లరు ఉండాలి. బాత్రూమ్ ఇరుకు, కాగితమే ఉంటుంది, కనుక ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పడేయండి. మావయ్యగారు రోజుకు నాలుగుసార్లు దాని గురించి నన్ను మెచ్చుకున్నారు. మేం పెద్దవాళ్లకు సెంట్రల్ పార్క్ వైపు బాల్కనీ ఉన్న గది తీసుకున్నాం. ఓడ మధ్యలో, ఎనిమిదో డెక్ మీద, ఆకాశం కనపడేలా నిజమైన చెట్లు, మొక్కలు పెంచుతారు. సముద్రం కనపడదు కానీ గాలి కొట్టదు, ధర కూడా సముద్రం వైపు బాల్కనీ కంటే తక్కువకు దొరికింది. పొద్దున్నే ఇద్దరూ ఆ మొక్కల మధ్య బెంచీ మీద కూర్చుని కాఫీ తాగేవారు. ఈ ఓడ పొడవు 362 మీటర్లు. నిండితే ఆరు వేల మందికి పైగా ఉంటారు. అంతమందిలోనూ పొద్దున్న ఏడింటికి ఆ పార్క్‌లో పది మంది ఉండరు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఈ గది గురించే.

షోలకు డబ్బు కట్టక్కర్లేదు గానీ సీట్లు యాప్‌లో ముందే పెట్టుకోవాలి. ఓడ వెనక భాగంలో ఆరుబయట ఉండే ఆక్వా థియేటర్‌లో అంత ఎత్తు నుంచి కొలనులోకి దూకే వాళ్లను చూసి అత్తయ్యగారు కళ్లు మూసుకున్నారు. పిల్లలు అదే షో మళ్లీ చూస్తామని పేచీ పెట్టారు. టిప్పులు మేం వెళ్లినప్పుడు మనిషికి రోజుకు 18 డాలర్ల పైచిలుకు, పిల్లలకు కూడా అంతే. టికెట్ ధర చూసి బడ్జెట్ వేసుకునేటప్పుడు ఇది కలుపుకోండి. ఓడ కదలగానే ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఓడలోని సెల్ సిగ్నల్ పట్టుకుంటే బిల్లు భయంకరంగా వస్తుంది. ఓడ యాప్ మాత్రం వైఫై కొనకపోయినా పనిచేస్తుంది.

రేవుల్లో టూర్ ఓడ వాళ్ల దగ్గర కొనాలా, బయట మాట్లాడుకోవాలా అన్నది అందరికీ వచ్చే ప్రశ్న. నేను పెట్టుకున్న లెక్క దూరాన్ని బట్టి. రేవు నుంచి బస్సులో గంట ప్రయాణం ఉంటే ఓడ వాళ్ల టూరే. వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆ బస్సు కోసం ఆగుతుంది. బయట టాక్సీలో వెళ్లి ఆలస్యమైతే ఎవరి కోసమూ ఆగదు, తర్వాతి రేవుకు మన ఖర్చుతో మనమే చేరుకోవాలి. దగ్గరదైతే బయట మాట్లాడుకోవడం చవక, మన వీలును బట్టి ఆగొచ్చు, వెనక్కి రావచ్చు. గాలి ఎక్కువై ఓడ రేవులో ఆగకపోతే ఓడ వాళ్ల టూర్ డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. బయట కొన్నవాటికి ఎవరి షరతులు వాళ్లవి, ముందే చదవాలి.

టైమ్ విషయంలో కూడా జాగ్రత్త. మా ఓడ గాల్వెస్టన్ టైమే పాటించింది. కోస్టా మాయా, కొజుమెల్ ఉన్న క్వింతానా రూ రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా తూర్పు ప్రామాణిక కాలంలోనే ఉంటోంది. అంటే డిసెంబర్‌లో అక్కడ గడియారం మన ఓడ కంటే గంట ముందు. బయటి టూర్ వాళ్లు తొమ్మిదింటికి రమ్మంటే ఓడ టైమ్ ప్రకారం ఎనిమిదికే వెళ్లి నిలబడాలి. వేసవిలో వెళ్లేవాళ్లకు ఆ రెండు రేవుల్లో తేడా ఉండదు, రోటాన్‌లో ఉంటుంది. హోండురాస్‌లో గడియారం ముందుకు జరపరు కనుక అక్కడ ఫోన్ గంట తక్కువ చూపిస్తుంది. ఇంకా గంట ఉందనుకుని తీరిగ్గా బీచ్‌లో కూర్చుంటే ఓడ వెళ్లిపోతుంది. చేతికి మామూలు గడియారం పెట్టుకుని ఓడ టైమ్‌కే ఉంచేయండి.

రోటాన్ నాకు అన్నిటికంటే నచ్చిన చోటు. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ తర్వాత ప్రపంచంలో రెండోదిగా చెప్పుకునే పగడపు దిబ్బల వరస ఈ ద్వీపం పక్కనుంచే పోతుంది. మా ఓడ కాక్సెన్ హోల్ రేవులో ఆగింది. అక్కడ మేం రెండు జట్లుగా విడిపోయాం. మా ఆయన, పిల్లలు పడమట చివర ఉన్న వెస్ట్ బే బీచ్‌కి వెళ్లారు. ఒడ్డు నుంచి కొద్ది దూరం ఈదితే చాలు పగడాలు, రంగురంగుల చేపలు కనపడతాయి, పడవ అక్కర్లేదు. పిల్లలకు లైఫ్ జాకెట్ వేయించి, పగడాల మీద కాళ్లు పెట్టొద్దని ముందే చెప్పాలి. చాలా టూర్లలో స్లాత్ అనే, చెట్ల మీద నెమ్మదిగా కదిలే జంతువును ఎత్తుకుని ఫొటో దిగడం కూడా కలుపుతారు. స్లాత్‌లు ఈ ద్వీపానివి కావు, బయటి నుంచి తెచ్చి పెట్టినవి. వచ్చిన ప్రతి ఓడ జనం చేతుల్లో అవి రోజంతా నలగడం నాకు ఇష్టం లేదు. మేం అది లేని బండే మాట్లాడుకున్నాం. పిల్లలకు కారణం చెబితే అర్థం చేసుకున్నారు.

నేను, పెద్దవాళ్లిద్దరూ వ్యాన్ మాట్లాడుకుని తూర్పు వైపు పుంటా గోర్దా అనే ఊరికి వెళ్లాం. అది గరిఫునా ప్రజల ఊరు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లకూ కరేబియన్ ఆదివాసులకూ పుట్టిన సంతతి వీళ్లు. సెయింట్ విన్సెంట్ ద్వీపంలో బ్రిటిష్ వాళ్లతో పోరాడి ఓడిపోతే, 1797లో వాళ్లను ఓడల్లో ఎక్కించి ఈ రోటాన్‌లో దించేశారు. ఇక్కడి నుంచే వాళ్లు మధ్య అమెరికా తీరమంతా విస్తరించారు. వాళ్ల భాష, నాట్యం, సంగీతాలను 2001లో యునెస్కో మానవాళి వారసత్వంగా ప్రకటించింది.

నేను ఈ ఊరు ఎంచుకున్నది మావయ్యగారి కోసం. ఆయన సామర్లకోటలో సగ్గుబియ్యం మిల్లులో చాలాకాలం గుమాస్తాగా చేశారు. గరిఫునాల ముఖ్యమైన తిండి కర్రపెండలం రొట్టె అని చదివినప్పుడే ఇది ఆయనకు చూపించాలనుకున్నాను. అక్కడ ఒకావిడ దుంప చెక్కు తీసి, చిన్న చిన్న రాళ్లు గుచ్చిన చెక్క పలక మీద తురిమి చూపించింది. ఆ తురుమును రుగుమా అనే పొడుగాటి అల్లిక గొట్టంలో కూరి, వేలాడదీసి, కింద బరువు కట్టి లాగితే రసమంతా కారిపోతుంది. ఇక్కడ వాడేది చేదు కర్రపెండలం, ఆ రసంలో విషం ఉంటుంది. పిండగా మిగిలిన పిండిని ఆరబెట్టి, జల్లించి, పెద్ద పెనం మీద పల్చగా పరిచి కాలుస్తారు.

మావయ్యగారు అంతసేపూ కుర్చీలో కూర్చోలేదు. చేతికర్ర నాకిచ్చేసి, దుంప చేతిలోకి తీసుకుని విరిచి చూశారు. “అమ్మాయ్, మన దగ్గర తురిమాక నీళ్లు పోసి పాలు తీస్తాం, తొట్టిలో పేరుకున్న పిండి మనకు కావాలి. వీళ్లకు పిప్పే కావాలి. ఆ పాలు ఏం చేస్తారో అడుగు” అన్నారు. మా డ్రైవర్ అటూ ఇటూ చెప్పాడు. అడుగున పేరుకున్న పిండిని వాళ్లు కూడా పారేయరట, బట్టలకు గంజి పెట్టేవారట. మావయ్యగారు సగ్గుబియ్యం ఎలా పూసలు కట్టిస్తారో చేతులతో గుండ్రంగా ఊపుతూ చూపిస్తుంటే ఆవిడ నవ్వుతూ తనూ అలాగే ఊపింది. రొట్టె అప్పడంలా కరకరలాడుతుంది, ఉప్పు కూడా ఉండదు. అత్తయ్యగారు దానిమీద కొంచెం కందిపొడి వేసుకుని తిన్నారు. మావయ్యగారు ఒక ప్యాకెట్ కొన్నారు. గాల్వెస్టన్‌లో దిగేటప్పుడు కస్టమ్స్‌కి చెప్పి తెచ్చుకున్నాం. ఇలాంటి చోటు ఓడ వాళ్ల టూర్ల జాబితాలో పైన కనపడదు. వెతికి పట్టుకోవాలి. రేవు గేటు లోపల టాక్సీ రేటు ఎక్కువ, వ్యాన్ ముందే మాట్లాడుకుని, తిరిగి వచ్చే టైమ్ డ్రైవర్‌కి రాసి ఇవ్వండి. ద్వీపమంతటికీ పెద్ద రోడ్డు ఒక్కటే, ఓడలు రెండు మూడు వచ్చిన రోజు ట్రాఫిక్ ఉంటుంది. ఓడ బయల్దేరడానికి రెండు గంటల ముందే వెనక్కి వచ్చేయాలి.

కోస్టా మాయా రేవు మహహువాల్ అనే చిన్న ఊరి పక్కన కట్టారు. 2007లో డీన్ తుఫాను దీన్ని ధ్వంసం చేస్తే మరుసటి ఏడాది మళ్లీ తెరిచారు. ఇక్కడ ఓడ వాళ్ల టూర్‌లోనే చాచోబెన్‌లోని పురాతన మాయా నాగరికత శిథిలాలకు వెళ్లాం. బస్సులో దాదాపు గంట. అడవిలో పెద్ద పెద్ద తాటి జాతి చెట్ల మధ్య రాతి గుళ్లు. కొన్నిచోట్ల పాత ఎర్ర రంగు ఇంకా కనపడుతుంది. గైడ్ మాయా కుటుంబం నుంచి వచ్చినవాడు, మొక్కజొన్నకూ వాళ్ల పంచాంగానికీ ఉన్న సంబంధం బాగా చెప్పాడు. దారి మట్టిదే కానీ వేళ్లు, రాళ్లు తగులుతాయి. మావయ్యగారు సగం దాకా వచ్చి నీడలో కూర్చున్నారు, అత్తయ్యగారు మొత్తం నడిచారు. దోమల మందు రాసుకోండి. ఓడ నుంచి రేవు గుమ్మం దాకా ఉన్న వంతెన చాలా పొడుగు, పెద్దవాళ్లకు ఆ నడకే ఎక్కువ. తోసుకెళ్లే బండి కోసం ఆగితే మంచిది. టూర్ వద్దనుకున్నవాళ్లకు రేవులోనే ఉచితంగా ఈతకొలను ఉంది.

కొజుమెల్‌లో మాత్రం నేను అనుకున్నంత బాగా జరగలేదు. ఎల్ సియెలో అని నడుము లోతు తెల్లటి ఇసుక మేట ఉంది, అడుగున నక్షత్ర చేపలు కనపడతాయి. బయటి పడవ టూర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాం. వాళ్లు మమ్మల్ని రేవు దగ్గర గంటకు పైగా నిలబెట్టి, ఇంకో ఓడ జనాన్ని కూడా అదే పడవలో ఎక్కించారు. మూడు చోట్ల ఆపుతామన్నది రెండైంది, ఎల్ సియెలోలో అరగంట కూడా ఆపలేదు. ఎవరో నక్షత్ర చేపను నీళ్లలోంచి పైకి తీసి ఫొటో దిగుతుంటే పడవవాళ్లు ఆపనే లేదు. అది దానికి ప్రాణం మీదకు తెస్తుంది. పగడాలు జబ్బుపడి 2019లో ఎల్ సియెలోను కొంతకాలం మూసేసిన చరిత్ర ఉన్న చోట ఇంత నిర్లక్ష్యం నాకు కోపం తెప్పించింది. అక్కడ పడవ మాట్లాడుకునేవాళ్లు ఎంతమందిని ఎక్కిస్తారో, ఎన్ని నిమిషాలు ఆపుతారో ముందే రాయించుకోండి. చిన్న పిల్లలుంటే చాంకనాబ్ పార్క్‌కి టాక్సీలో వెళ్లడం సులువు. టాక్సీలకు మీటర్లు ఉండవు, ఎక్కేముందే రేటు అడగాలి. అవతలి తీరాన ఉన్న తులుమ్ మాయా శిథిలాలు చూడాలని కొజుమెల్ నుంచి బయల్దేరితే ఫెర్రీ, ఆపై బస్సు, మళ్లీ ఫెర్రీ. పెద్దవాళ్లతో అసలు పెట్టుకోవద్దు.

ఆ రోజు అత్తయ్యగారు, మావయ్యగారు ఓడలోనే ఉండిపోయారు. జనమంతా దిగిపోతే ఓడ ఎంత హాయిగా ఉంటుందో వాళ్లు చెప్తే తెలిసింది. లిఫ్టుల దగ్గర గుంపులు లేవు, వేడినీళ్ల తొట్టెలు ఖాళీ, బఫేలో తీరిగ్గా భోజనం. పెద్దవాళ్లను ప్రతి రేవులోనూ దింపాలని పట్టుబట్టకండి.

చివరి రోజు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చలిగాలులు లేచి ఓడ బాగా ఊగింది. మావయ్యగారికి ఏమీ కాలేదు, నాకే కళ్లు తిరిగాయి. మధ్య భాగంలో, కింది డెక్‌ల గదులకు ఊపు తక్కువ. మెక్లిజీన్ మాత్ర ఊపు మొదలవక ముందే వేసుకుంటే బాగా పనిచేస్తుంది, అయితే పెద్దవాళ్లకు వాళ్ల డాక్టర్‌ని అడిగాకే ఇవ్వండి. అత్తయ్యగారి సంచిలో ఉన్న అల్లం మురబ్బా నన్ను ఆ సాయంత్రం నిలబెట్టింది.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాల్వెస్టన్‌లో సముద్రపు పొగమంచు కమ్మితే ఓడల దారి మూసేస్తారు. ఓడ బయటే గంటల తరబడి ఆగిపోవచ్చు. కాబట్టి దిగిన రోజు మధ్యాహ్నానికి హ్యూస్టన్ నుంచి ఇండియా ఫ్లైట్ పెట్టుకోకండి, కనీసం మర్నాటికి తీసుకోండి. సామాను మనమే లాక్కుని దిగితే అందరికంటే ముందు బయటపడొచ్చు కానీ వీల్‌చెయిర్ ఉన్నవాళ్లు పెట్టెలు ముందు రాత్రే గది బయట పెట్టేసి, వాళ్లు పిలిచే దాకా కూర్చోవడమే మేలు. మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు మాత్రం చేతిసంచిలో ఉంచుకోండి.